తమ్ముడికి రేచీకటి ఉంటే అక్కకు ఏ పరీక్షలు?

ప్రశ్న: మా మేనమామకూ తమ్ముడికీ రెటినైటిస్ పిగ్మెంటోసా (రేచీకటితో మొదలై రెటీనా, అంటే కంటి వెనక పొర, క్రమంగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు). తమ్ముడి రిపోర్టులో ఆర్‌పీజీఆర్ జన్యువులో, ఓఆర్ఎఫ్15 అనే భాగం దగ్గర లోపం అని ఉంది. నాకు 27 ఏళ్లు, చూపు 6/6. సంబంధాలు చూస్తున్నారు. నాకూ పరీక్షలు కావాలా?

జవాబు: కావాలి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తమ్ముడికీ మేనమామకూ ఉందంటే మీ అమ్మగారు క్యారియరే, అంటే ఆమె రెండు ఎక్స్‌లలో ఒకదాని మీద ఆ లోపం ఉన్నట్టే. ఆ లోపం మీకు వచ్చే అవకాశం సగానికి సగం.

ముందు రక్తపరీక్ష. తమ్ముడి రిపోర్టు పట్టుకెళ్లి, ఆ ఒక్క లోపం కోసమే చూడమనండి. ఓఆర్ఎఫ్15లో ఒకే రకం అక్షరాలు పదేపదే వస్తాయి కాబట్టి చాలా జన్యువులను ఒకేసారి చూసే మామూలు ప్యానెల్ పరీక్షలో లోపం దొరక్కపోవచ్చు. అలాంటి ‘నెగెటివ్’ను నమ్ముకోవద్దు.

క్యారియర్ అని తేలితే కంటి పరీక్షలు. ఆడవాళ్లలో ఒక్కో కణంలో ఒక్కో ఎక్స్ పనిచేస్తుంది. అందువల్ల రెటీనాలో ఒకచోట బాగుండి పక్కనే దెబ్బతినవచ్చు, రెండు కళ్లూ ఒకేలా ఉండకపోవచ్చు. 6/6 చెప్పేది నడిమధ్య చూపు సంగతే.

వరస ముఖ్యం. మొదట ఈఆర్‌జీ, అంటే వెలుగుకు రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచే పరీక్ష: చుక్కలు వేసి, 20 నిమిషాలు చీకట్లో కూర్చోబెట్టి తీస్తారు. ఫొటోలు ముందే తీస్తే ఆ వెలుగుకు రీడింగు తగ్గి, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ఈఆర్‌జీ రెటీనా మొత్తం స్పందనను కలిపి కొలుస్తుంది, చిన్న చిన్న మచ్చలు అందులో కలిసిపోతాయి. వాటిని పట్టేది ఆటోఫ్లోరెసెన్స్ ఫొటో, అంటే రెటీనా తనంతట తాను వెదజల్లే వెలుగును తీసే ఫొటో. ఆర్‌పీజీఆర్ క్యారియర్లలో చాలామందికి ఫోవియా (రెటీనా నడిమధ్య చోటు) నుంచి అంచులవైపు కిరణాల్లా చారలు కనిపిస్తాయి. ఆ చారల మీదుగా ఓసీటీ (రెటీనా పొరలను అడ్డకోతలో చూపే స్కాన్) తీయించి, ఎలిప్సాయిడ్ జోన్ గీత, అంటే వెలుగును పట్టే కణాల పొరను చూపే గీత, తెగిందేమో చూడాలి. అక్కడే మైక్రోపెరిమెట్రీ (రెటీనాలో ఒక్కో చోట చూపును కొలిచే పరీక్ష) చేస్తే చూపు ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఫొటోలు బాగున్నంత మాత్రాన క్యారియర్ కాదనలేం. కొందరు క్యారియర్లకు మగవాళ్లంత తీవ్రంగానూ వస్తుంది. అందుకే డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ చూపించుకోండి.

ఇక పెళ్లి. మీరు క్యారియరైతే, బయటి సంబంధమైనా ప్రతి కాన్పులో కొడుకైతే జబ్బుకూ, కూతురైతే క్యారియర్ కావడానికీ సగం అవకాశం. మేనరికం మానేస్తే చాలదు. మేనమామ కొడుక్కి ఆయన నుంచి వచ్చేది వై క్రోమోజోమే, ఆ దారిన ఈ లోపం రాదు. ఆ మేనమామనే చేసుకుంటే మాత్రం కూతుళ్లలో సగంమందికి రెండువైపులా లోపమే రావచ్చు. గర్భానికి ముందే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి, వీలైతే తమ్ముణ్ణీ వెంట తీసుకెళ్లండి.