జూలైలో మైపాడు

చి. అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. సెలవు జూలైలోనే దొరికిందని, అప్పుడు బీచ్‌లో ఏముంటుందని దిగాలుగా రాశావు. నిక్షేపంగా రండి. నన్నడిగితే మన నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కు అదే మంచి కాలం. కార్తీక పౌర్ణమికో, కనుమకో వస్తే ఇసుక వేస్తే రాలనంత జనం, సముద్రం కన్నా బజ్జీల బండ్లే ముందు కనపడతాయి. బడులు తెరిచాక, అదీ వారం మధ్యలో అయితే ఒడ్డంతా మీదే. కాకపోతే అక్కడ మీకు కాలక్షేపం చేసిపెట్టేవాళ్లు ఉండరు. వేటకెళ్లే వాళ్ల వేళలే మీ వేళలు చేసుకోవాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజిన్ పడవలకు వేట నిషేధం కదా. జూలైకి మళ్లీ వేట సాగుతుంటుంది. తెల్లారేసరికి ఒడ్డున ఉండండి. అలివి వల వేసిన రోజైతే మీ అదృష్టం. పడవలో వెళ్లి వలను చుట్టూ తిప్పి వదిలి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. రెండు వరుసలుగా నిలబడి వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. చివరికి చేరినవాడు తాడు వదిలేసి, నీళ్ల దగ్గరికి పరుగెత్తి మళ్లీ అందుకుంటాడు. వరుసలు దగ్గరయ్యే కొద్దీ కేకలు పెరుగుతాయి. వల సంచి ఇసుక మీద పడగానే నెత్తళ్లు, కవళ్లు, నాలుగు పీతలు, వాటి మధ్య జెల్లీ ఫిష్‌లు. పిల్లాణ్ణి వాటి మీద చెయ్యి వెయ్యనివ్వకు, చచ్చినవైనా చురుక్కుమనిపిస్తాయి. అల్లుడుగారికి ఫొటోల పిచ్చి కదా, ముందు కాసేపు తాడు పట్టమను, ఫొటో సంగతి తర్వాత అడగొచ్చు.

చేపలు కొనాలంటే వేలం పాట అయ్యేదాకా ఆగండి. రాశి పాడుకునేది వ్యాపారస్తులు, మధ్యలో మీరు నోరు పెడితే ధర ఎగబాకుతుంది. పాట అయ్యాక గంపలకెత్తే ఆడవాళ్లను కిలోనో రెండు కిలోలో అడుగు. బేరం ఆడు గానీ గీసి గీసి ఆడకు. పొద్దున్నే పులుసు పెట్టించి రాత్రికి తినండి. మన చేపల పులుసు ఊరితేనే రుచి, పొయ్యి మీద నుంచి దించగానే వడ్డించమనే వాళ్లను చూస్తే నాకు జాలి.

పది దాటితే ఇసుక కాళ్లు కాలుస్తుంది. పడమటి గాలి సంగతి నీకు కొత్తగా చెప్పాలా? అన్నం తిని పడుకోండి. మధ్యాహ్నం ఏ రెండింటికో మూడింటికో సముద్రపు గాలి తిరుగుతుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు ఇంకా ఆలస్యం. అందుకే గది తీసుకునేటప్పుడు ఏసీ కంటే ముందు తూర్పు కిటికీ ఉందో లేదో, దానికి దోమల జాలీ ఉందో లేదో చూడు. ఆ చుట్టుపక్కలంతా రొయ్యల గుంటలు, దోమలకు కొదవ లేదు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్తున్నా, ఇద్దరూ వినండి. జనం లేని ఒడ్డున కేక వేస్తే పరుగెత్తుకొచ్చేవాళ్లు ఉండరు. మోకాళ్ల లోతు దాటొద్దు. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్లు నున్నగా కనపడితే అది దిగడానికి అనువైన చోటు అనుకునేరు. చాలాసార్లు నీళ్లు వెనక్కి లాగేది అక్కడే. పొరపాటున లాగితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడే పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో వస్తే, ఆకాశం ఎంత తెల్లగా ఉన్నా నీళ్ల జోలికి పోవద్దు. జూలై కుదరకపోతే డిసెంబరులో వస్తామన్నావు, అది మానెయ్యి. 2023లో మిచౌంగ్ తుపాను మన తీరాన్ని ఒరుసుకుంటూ పోయి, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది.

కుదిరితే ఆషాఢ పౌర్ణమి కలిసొచ్చేలా సెలవు పెట్టు. మనది తూర్పు తీరం, సూర్యుడు వెనక సర్వి తోటల్లోకి దిగే వేళకే ఎదురుగా నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. మబ్బు పట్టకపోతే చాలు. ఆ రెండు మూడు రోజులు పోటు ఎక్కువ, చెప్పులు, ఫోన్లు బాగా ఎగువన పెట్టుకోండి. ఎర్ర పీతలు కూడా ఆ వెలుతురులో బయటికొస్తాయి. పిల్లాడు కదలకుండా కూర్చుంటేనే సుమా, అడుగు పడిందంటే బొరియలోకి దూరతాయి.

నెల్లూరు నుంచి 25 కిలోమీటర్లు ఉంటుంది. నెల్లూరులో మైపాడు గేటు దగ్గర బస్సు దొరుకుతుంది గానీ, తిరుగు బస్సు వేళ ముందే కనుక్కోండి. మంచినీళ్లు, పిల్లాడి బిస్కెట్లు నెల్లూరులోనే కొనుక్కోండి, మామూలు రోజుల్లో అక్కడ సగం కొట్లు మూసే ఉంటాయి.

తేదీలు తేలగానే ఫోన్ చెయ్యి. గదికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టెయ్యకు. అన్‌సీజన్ కదా, నేను వెళ్లి మాట్లాడితే తగ్గిస్తారు.

ఇట్లు,
మామయ్య