గడ్డం మీద వెంట్రుకలకు ఎలక్ట్రాలసిస్: పెళ్లికి నాలుగు నెలలే ఉంటే

పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) వల్ల గడ్డం కింద వెంట్రుకలు వస్తున్నాయి, నాలుగు నెలల్లో పెళ్లి, ఎలక్ట్రాలసిస్ (సన్నటి సూదితో కరెంటు పంపి వెంట్రుకను కుదురుతో సహా పోగొట్టే పద్ధతి) చేయించుకుంటే నొప్పి ఉంటుందా, ఈలోపు అయిపోతుందా అని అడిగావు కదా చెల్లీ. అయిపోదు. నాకు గడ్డం, దవడ కలిపి పద్నాలుగు నెలలు పట్టింది. వెంట్రుకలన్నీ ఒకేసారి పైకి రావు, కొన్ని లోపల నిద్రపోతుంటాయి, అవి వచ్చినప్పుడల్లా మళ్లీ వెళ్లాలి. అయినా మొదలుపెట్టమనే చెబుతాను.

నేను ముందు లేజర్ చేయించుకున్నాను. లేజర్ వెంట్రుకలోని నలుపును పట్టుకుని పనిచేస్తుంది, సన్నటి లేత వెంట్రుకలను సరిగా పట్టుకోదు, పైగా హార్మోన్ల సమస్య ఉన్న కొందరికి మొహం మీద ఇంకా పెరుగుతాయి. నాకు అదే జరిగింది, దవడ పక్కన అంతకుముందు లేనిచోట కూడా వచ్చాయి. ఎన్ని రాత్రులు ఏడ్చానో. ఎలక్ట్రాలసిస్‌కి వెంట్రుక రంగుతో, ఒంటి రంగుతో పని లేదు, తెల్లవెంట్రుక కూడా పోతుంది. మొహానికి కరెంటేంటని మా అమ్మ హడలిపోయింది కానీ, 1875లోనే చార్లెస్ మిషెల్ అనే అమెరికా కంటి డాక్టరు కంట్లో గుచ్చుకునే రెప్పవెంట్రుకలకు ఈ పద్ధతి వాడాడు.

సూది చర్మాన్ని పొడవదు, వెంట్రుక వచ్చే రంధ్రంలోకే జారుతుంది, క్షణంపాటు కరెంటు ఇచ్చి వేడితో కుదురును కాలుస్తారు. గడ్డం దగ్గర చీమ కుట్టినట్టు ఉంటుంది, పైపెదవి మీద మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మత్తు క్రీమ్ గురించి డాక్టర్ని అడుగు. ఒక్కటి గుర్తుపెట్టుకో, తర్వాత పట్టకారుతో తీస్తే వెంట్రుక జారినట్టు రావాలి, పీకినట్టు అనిపిస్తే కుదురు కాలలేదన్నమాట, వెంటనే చెప్పు. సూది నీ కళ్లముందే కొత్త ప్యాకెట్ విప్పి తీయాలి.

ఆ రోజంతా ఎర్రగా ఉంటుంది, తర్వాత చిన్న చిన్న పక్కులు కడతాయి. గిల్లకు. మన చామనఛాయ చర్మానికి మచ్చ పడితే నెలల తరబడి పోదు. మన వైజాగ్ ఉక్కపోతలో చెమటకి దురద పెడుతుంది, నేను గాజువాక నుంచి ద్వారకానగర్‌కి స్కూటీ మీద వెళ్లేదాన్ని, హెల్మెట్ పట్టీ సరిగ్గా ఆ గడ్డానికే రాసుకునేది, రెండోసారి నుంచి సాయంత్రం వేళ పెట్టించుకుని బస్సులోనే వెళ్లాను. సన్‌స్క్రీన్ మానకు.

అన్నిటికన్నా కష్టం త్రెడింగ్ మానడం. పీకేస్తే సూది పెట్టడానికి వెంట్రుకే ఉండదు. మధ్యలో కత్తిరించుకోవచ్చు, షేవ్ చేసుకోవచ్చు, దానివల్ల లావెక్కవు, కానీ సిట్టింగ్‌కి మూడు నాలుగు రోజుల ముందు అదీ ఆపాలి. ఆ రోజుల్లో ఆఫీసులో నాకు ఎంత టెన్షన్‌గా ఉండేదో చెప్పలేను, మాస్క్ పెట్టుకునేదాన్ని.

పెళ్లికి మూడు వారాల ముందు సిట్టింగులు ఆపెయ్. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు అత్తలూ పిన్నులూ ప్రేమకొద్దీ నలుగు గట్టిగా రుద్దుతారు, పక్కులుంటే లేచిపోతాయి. పెళ్లిరోజుకి మిగిలినవి షేవ్ చేసుకో, అందులో తప్పేమీ లేదు.

పీసీఓడీకి మందులు అవసరమేమో గైనకాలజిస్టుని తప్పకుండా కలువు. కాలిన కుదురు మళ్లీ మొలవదు కానీ, హార్మోన్లు అలాగే ఉంటే పక్కనున్న నూగు కొత్తగా ముదురుతుంది, నాకు ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లాల్సి వస్తోంది. ముందు గడ్డం కింద కనబడనిచోట కొద్దిగా చేయించుకుని మచ్చ పడుతుందేమో రెండు వారాలు చూడు. త్రెడింగ్ మాత్రం ఇవాళే ఆపెయ్.