టాంగన్యికాలో కింది నీరు, పై నీరు కలిసిపోతే మంచిదేనా?

మీ ప్రశ్న బాగుంది. రొయ్యల చెరువులో అడుగున ఆక్సిజన్ పడిపోయి అమ్మోనియా పెరిగితే రాత్రికి రాత్రే పంట పోతుంది కదా, మరి తూర్పు ఆఫ్రికాలో 1,470 మీటర్ల లోతున్న టాంగన్యికా సరస్సులో కింద అసలు ఆక్సిజనే లేదంటారు, పైన చేపలు ఎలా బతుకుతున్నాయి, నీరంతా కలిసిపోతే ఇంకా మంచిది కదా అని అడిగారు. నేను టాంజానియాలో, ఆ సరస్సు ఒడ్డునున్న కిగోమాలో నీటి ల్యాబ్‌లో పనిచేశాను, ఆ సరస్సులో పడవ మీద వెళ్లి శాంపిళ్లు తీసేవాళ్లం. నీరంతా ఒకేసారి కలిస్తే ఆక్సిజన్ లేని కింది నీరు పైకొచ్చి చేపలు చచ్చిపోతాయి. అస్సలు కలవకపోయినా చేపలకు తిండి ఉండదు.

ముందు ఎందుకు కలవదో చూడండి. చలి దేశాల్లో శీతాకాలం పై నీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది, దాంతోపాటు ఆక్సిజన్ కూడా దిగుతుంది. ఇక్కడ అంత చలి ఎక్కడిది? పైన 26 డిగ్రీలుంటే లోతున 23న్నర దాకా ఉంటుంది. రెండు మూడు డిగ్రీలే కదా అనుకోకండి, 24, 25 డిగ్రీల మధ్య నీటి సాంద్రతలో వచ్చే తేడా 4, 5 డిగ్రీల మధ్య వచ్చే తేడాకి దాదాపు 30 రెట్లు. ఆ బరువు తేడాని దాటించి అంత నీటిని కలిపే శక్తి ఎక్కడా దొరకదు.

దీన్ని కళ్లతో చూడొచ్చు. వేర్వేరు లోతుల నుంచి తెచ్చిన నీటిని సీసాల్లో నింపి మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ వేస్తాం, మీ దగ్గర డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) టెస్ట్‌కి వేసేవే. పై నీటి సీసాలో ముదురు గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లోతుకి వెళ్లే కొద్దీ ఆ రంగు వెలిసిపోతూ, 200 మీటర్ల సీసాలో తెల్లగా ఉండిపోతుంది. తెలుపంటే ఆక్సిజన్ లేనట్టే. ఇంకా కింది నుంచి తెచ్చిన నీటికైతే మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన, హైడ్రోజన్ సల్ఫైడ్.

కానీ ఆ కింది నీటిలోనే ఫాస్ఫరస్, అమ్మోనియా, సిలికా అన్నీ పేరుకుని ఉన్నాయి, పై నుంచి చచ్చి రాలినదంతా కుళ్లేది అక్కడే మరి. మే నుంచి సెప్టెంబర్ దాకా ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది, పై నీటిని ఉత్తరానికి నెడుతుంది, దాంతో జాంబియా వైపు దక్షిణ కొసన లోపలి నీరు పైకి వస్తుంది. గాలి తగ్గాక లోపలి పొరలు వారాల తరబడి అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి. మీ చెరువులో నీటిని చిలికే ఏరియేటర్ చేసేది ఆక్సిజన్ దించడం, ఈ గాలి చేసేది ముఖ్యంగా ఎరువు పైకి తేవడం. ఆ ఎరువుతో నాచు, నాచుతో జూప్లాంక్టన్ (నీటిలో తేలే సన్నని జీవులు), దాన్ని తిని బతికేది అక్కడివాళ్లు డగా అనే చిన్న చేప, కిగోమా ఒడ్డున ఇసుక మీద ఎండబోసేది అదే.

మరి పైకొచ్చే అమ్మోనియా చేపల్ని ఎందుకు చంపదంటే, ఆక్సిజన్ ఉన్న పొర అంచుకి రాగానే బాక్టీరియా దాన్ని నైట్రేట్ చేసేస్తాయి. నైట్రేట్ మళ్లీ కిందికి జారితే ఆక్సిజన్ లేని చోట వేరే బాక్టీరియా దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చేస్తాయి. అందుకే ఫాస్ఫరస్ వచ్చినంతగా నైట్రోజన్ పైకి రాదు, ఆ లోటులో గాలిలోని నైట్రోజన్‌ని పట్టే సయనోబాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు) పెరుగుతాయి.

ఇప్పుడు భయం మీరు అడిగినదానికి తిరగేసి ఉంది. పై నీరు ఇంకా వేడెక్కుతోంది, కలవడం ఇంకా తగ్గుతోంది. నాచు ఉత్పత్తి దాదాపు 20 శాతం తగ్గి ఉంటుందని 2003లో నేచర్ పత్రికలో పరిశోధన వచ్చింది. చేపలు తగ్గడానికి వలల సంఖ్య కూడా కారణమే, కానీ వలల్ని తగ్గించొచ్చు, పై నీటిని చల్లబరచలేం కదా.

టాంగన్యికాకి ఉత్తరాన ఉన్న కివు సరస్సు సంగతి వేరు, దీనితో కలిపి చూడకండి. అక్కడ అడుగు నుంచి వేడి, ఉప్పు ఊటలు వస్తాయి, కింది నీరు వేడిగా ఉన్నా ఉప్పు, కార్బన్ డయాక్సైడ్ బరువుకి కిందే ఉంటుంది, కరిగిన మీథేన్ చాలా ఎక్కువ. రువాండా వైపు ఆ మీథేన్ తీసి కరెంటు చేస్తున్నారు.