పెళ్లిరోజుకి పదహారు వేలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా వారికి ప్రైవేటు ఉద్యోగం, చేతికి 38,000 వస్తుంది. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మామూలు నెలల్లో 9,000, శ్రావణంలో 14,000 దాకా వస్తుంది. పాప నాలుగో తరగతి, బాబు యూకేజీ. ఆగస్టులో మా పెళ్లయి పన్నెండేళ్లు. ఒక్కరోజైనా పిల్లలు లేకుండా ఇద్దరమే ఎటైనా వెళ్లి రావాలని ఉంది. మా వారు హైదరాబాద్ దగ్గర ఏదో రిసార్ట్ చూశారు. ఒక రాత్రికి భోజనాలతో కలిపి 16,000 అట. కార్డు మీద పన్నెండు నెలల ఈఎంఐ పెట్టేద్దాం అంటున్నారు. ఆ కార్డులో ఇప్పటికే 22,000 బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం 1,100 కడుతున్నాం. కావాలంటే చీటీ పాడేసి అన్నీ తీర్చేద్దాం అని కూడా అంటున్నారు. మా అత్తయ్యగారేమో పిల్లల్ని వదిలేసి అంత ఖర్చా అంటారు. నా ఖాతాలో కుట్టుపని డబ్బు 27,000 ఉంది, దాన్ని ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మేం వెళ్లడం తప్పా? అత్తయ్యగారికి ఖర్చు ఎంతని చెప్పాలి?

జవాబు: అమ్మా, వెళ్లడం తప్పు కాదు. పన్నెండేళ్లలో మొదటిసారి అడుగుతున్నారు కాబట్టి ఆలస్యమైందనే అంటాను. కాకపోతే మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 16,000 కాదు. మధ్యలో ఒక్క వాక్యంలో దాటేసిన 22,000.

మీరు పంపిన బిల్లులో వడ్డీ నెలకు 3.5 శాతం అని ఉంది. 22,000 మీద నెలకు 770 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 139. మొత్తం 909. మీరు కట్టే 1,100లో అది పోగా అసలులో తగ్గేది 191 రూపాయలు. అంటే మీ కుట్టుపని ధరల్లో ఒక సాదా బ్లౌజు కూలి కూడా లేదు! ఏడాదికి దాదాపు పదకొండు వేలు వడ్డీకే పోతున్నాయి. పెళ్లిరోజు ఖర్చు గురించి ఇంట్లో ఇంత చర్చ జరుగుతోంది కదా, నాలుగు వేలలో అయ్యే ప్రయాణాలు రెండు, మూడు ఏటా చేసొచ్చినంత డబ్బు ఎవరూ ఏమీ అనకుండానే బయటికి వెళ్లిపోతోంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా కట్టకుండా ఉన్నప్పుడు కార్డుకి ఆ నలభై, యాభై రోజుల వడ్డీ లేని గడువు వర్తించదు. కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి ఈ బాకీ తీరేదాకా ఆ కార్డుతో రైలు టికెట్ కూడా తీయకండి.

రిసార్ట్ ఈఎంఐ లెక్క కూడా చూద్దాం. మీ వారికి వచ్చిన మెసేజ్ ప్రకారం 16 శాతం వడ్డీ, 199 ప్రాసెసింగ్ ఫీజు. నెలకు 1,452 చొప్పున పన్నెండు నెలలు. వడ్డీ మీద జీఎస్టీ, ఫీజు, ఫీజు మీద జీఎస్టీ అన్నీ కలిపితే 16,000 కాస్తా 17,900 అవుతుంది. ఆ లెక్కన పదమూడో పెళ్లిరోజు వచ్చేవరకూ పన్నెండో పెళ్లిరోజు వాయిదాలు కడుతూనే ఉంటారు. ఆ ప్యాకేజీలో కేండిల్ లైట్ డిన్నర్ కూడా ఉందని రాశారు. కరెంటు కోతల రోజుల్లో పెరిగినవాళ్లం, కొవ్వొత్తి వెలుగులో తినాల్సినంత తినే ఉంటాం, దానికి మళ్లీ డబ్బు కట్టాలా అనిపించింది నాకు. సరే, అది నా ముసలి బుద్ధి.

ఇక మీకు నచ్చని సలహా. మీ ఖాతాలోని 27,000లో 22,000 తీసి కార్డు బాకీ మొత్తం ఈ నెలే కట్టేయండి. అక్కడ మీ డబ్బుకి ఏడాదికి రెండున్నర శాతం వడ్డీ వస్తోంది, 22,000కి 550 రూపాయలు. ఇక్కడ పోతున్నది పదకొండు వేలు. అవసరానికి చేతిలో డబ్బుండాలన్న మీ భయం సరైనదే. అయిదు వేలు మిగులుతాయి. నిజంగా ఆపద వస్తే ఖాళీ అయిన కార్డు ఉంది, ఆపద అన్న మాటకి మాత్రమే.

కాకపోతే ఒక షరతు. ఆ డబ్బు మీరు మిషను తొక్కి సంపాదించుకున్నది. కార్డు బాకీ ఇంటి ఖర్చుల వల్లే పెరిగి ఉండొచ్చు, అయినా అది మీ వారి కార్డు. ఆయన నెలకు 2,000 చొప్పున పదకొండు నెలలు మీ ఖాతాలో తిరిగి వెయ్యాలి. ఇప్పటిదాకా కార్డుకి కడుతున్న 1,100 ఎలాగూ మిగులుతుంది కాబట్టి కొత్తగా చూసుకోవాల్సింది 900 మాత్రమే. జీతం పడిన మర్నాడే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టమనండి. మొగుడూ పెళ్లాల మధ్య లెక్కలేమిటి అంటారేమో. ఆ మాట అనేవాళ్లు సాధారణంగా తిరిగి ఇవ్వాల్సిన వైపు ఉంటారు.

చీటీ జోలికి వెళ్లకండి. ఇరవై రెండు వేల కోసం లక్ష చీటీ తోసి పాడితే తగ్గింపు రూపంలో చాలా పోతుంది. మిగిలిన డబ్బు చేతిలో ఉంటే టీవీ మారుతుంది, ఫోను మారుతుంది. పాప హైస్కూలు చేరేటప్పటికి ఉంచుకోండి.

ఇప్పుడు ఆ రోజు సంగతి. మీరు లెక్కలో వేయని ఖర్చు ఒకటుంది. పెళ్లిరోజు సరిగ్గా శ్రావణ శుక్రవారం ముందు రోజు పడిందని రాశారు. వరలక్ష్మీ వ్రతం వారంలో టైలరు సెలవు పెడితే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ‘అక్కా, సాయంత్రానికి ఇవ్వాలి’ అని గుమ్మంలో నలుగురు నిలబడి ఉంటారు. ఆ రోజు పోయే కూలి వెయ్యికి తక్కువ ఉండదు, పైగా ఒకరిద్దరు పాత గిరాకీలు చేజారొచ్చు. కాబట్టి ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకుని, ప్రయాణం హడావిడి తగ్గిన తర్వాతి వారానికి పెట్టుకోండి. అప్పటికి శ్రావణం సంపాదన చేతికొస్తుంది. మామూలు కంటే ఎక్కువగా వచ్చే అయిదు వేలలో రెండు వేలు మీవి, రెండు వేలు మీ వారి జీతంలోంచి. రిసార్ట్ బదులు ఒక్కరోజులో విజయవాడ వెళ్లి రావడానికి ఆ నాలుగు వేలు చాలు.

ఆదివారం వద్దు, మంగళవారమో బుధవారమో చూసుకోండి. పిల్లలు బడిలో ఉంటారు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి నాలుగింటిదాకా వాళ్లెలాగూ మీ దగ్గర ఉండరు. అత్తయ్యగారు చూసుకోవాల్సింది సాయంత్రం నుంచి మీరొచ్చేదాకా, నాలుగైదు గంటలు. ‘పిల్లల్ని వదిలేసి’ అన్న మాట బరువు అక్కడే సగం తగ్గిపోతుంది. మీ వారికి ఒక సీఎల్ ఖర్చు.

ఖమ్మం నుంచి విజయవాడ రైల్లో రెండు గంటల లోపే. రానూపోనూ ఇద్దరికీ సెకండ్ సిట్టింగ్‌కి అయిదు వందలు పక్కన పెట్టండి, మిగిలినా మిగులుతాయి. ఆగస్టులో కృష్ణకి వరద వస్తే భవానీ ద్వీపానికి పడవలు ఆపేస్తారు. అందుకని దాని మీదే ఆశ పెట్టుకోకండి. వరదున్న రోజున ప్రకాశం బ్యారేజీ గేట్ల కింద నీళ్లు చూడటానికి టికెట్ అక్కర్లేదు. బ్యారేజీ దాటి అవతల ఉండవల్లి గుహలు, కొండని తొలిచిన నాలుగంతస్తులు, లోపల పడుకుని ఉన్న అనంతపద్మనాభుడు. పిల్లలతో వెళితే ఆ మెట్ల దగ్గర ‘పరిగెత్తకు, పడతావ్’ అనడంతోనే సరిపోతుంది, విగ్రహం కాళ్ల నుంచి తల దాకా నెమ్మదిగా చూడటం కుదరదు. ఆటోలకి తొమ్మిది వందలు, భోజనానికి వెయ్యి, కాఫీలకి, టికెట్లకి మూడొందలు వేసుకోండి.

మంచి హోటల్లో తింటే బిల్లు ఒకసారి చదవండి. అయిదు శాతం జీఎస్టీ కట్టాల్సిందే. సర్వీస్ చార్జీ అని వేరే వేస్తే అది తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని మామూలుగా అడగండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. పెళ్లిరోజున గొడవెందుకు అనిపిస్తే ఫిర్యాదు మర్నాడు చేసుకోండి, బిల్లు మాత్రం పారేయకండి.

ఇప్పటికి 2,700 అయింది. బీసెంట్ రోడ్డులో మీకు కావలసింది కొనుక్కోడానికి ఎనిమిది వందలు. మిగతా అయిదు వందలతో అత్తయ్యగారికి ఏదైనా తీసుకురండి, అది మర్చిపోతే మిగతా ఖర్చంతా దండగే. పిల్లలకి మాత్రం కాజాలో, జీళ్లో చాలు. మా పదిహేనో పెళ్లిరోజున మేమిద్దరం ఇలాగే బయటికి వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు మనసు పీకి, మా వాడికి 1,400 పెట్టి రిమోట్ కారు కొన్నాం. భోజనానికి పెట్టింది అందులో సగం కూడా లేదు. మర్నాటికి బ్యాటరీ మూత ఊడింది, రబ్బరు బ్యాండు వేసి నడిపాం. వాడైతే మేం రాత్రి లేమన్న సంగతి కూడా పెద్దగా పట్టించుకోలేదు, నానమ్మ రెండు గంటలు టీవీ చూడనిచ్చిందట.

శుభమా అని ప్రయాణం గురించి అడిగితే ఇదేమిటి అనుకోకండి, ఒక చిన్న పని. మీ వారి బీమా పాలసీలో నామినీగా మీరొక్కరే ఉన్నారని రాశారు. ఇద్దరూ కలిసి ప్రయాణం చేసే కుటుంబంలో పిల్లల పేర్లు కూడా ఉండాలి. వాళ్లు మైనర్లు కాబట్టి వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ల పేరు ‘అపాయింటీ’ గడిలో రాయాలి. బీమా ఆఫీసులో ఒక ఫారం, అంతే. ఈ ప్రయాణం కోసమని కాదు, ఎప్పుడో చేయాల్సింది.

చివరికి అత్తయ్యగారికి ఎంతని చెప్పాలన్న ప్రశ్న. నాలుగు వేలనే చెప్పండి. రెండు వేలని చెబితే రైలు టికెట్లో, మీ చేతిలోని కవరో ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ కంట పడతాయి, అప్పుడు పన్నెండేళ్ల లెక్కలు బయటికొస్తాయి. నాలుగు వేలతో పాటు కార్డు బాకీ తీర్చేసిన సంగతి, నెలకి 909 మిగులుతున్న సంగతి కూడా చెప్పండి. ఆవిడ బాధ డబ్బు గురించే అయితే అక్కడితో తీరుతుంది. పిల్లల గురించే అయితే, ఆ సాయంత్రం వాళ్లకి ఏం వండిపెట్టాలో ఆవిడ అప్పుడే ఆలోచించడం మొదలుపెడతారు.