పదకొండు గంటల ఆరాధన

విశాఖపట్నం

బాబూ, వందనాలు.

పద్మనాభం వైపు సంఘం నిన్ను పాస్టరుగా పిలిచిందని, జూన్‌లో సామాను దించుకుంటారని అమ్మాయి ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. అక్కడ సిగ్నల్ వస్తుందో రాదో అని నీకు టెన్షన్‌గా ఉందట. ముందు ఆ ఊరు ఎన్నింటికి లేస్తుందో తెలుసుకో.

నేను మొదటిసారి పల్లె సంఘానికి వెళ్ళినప్పుడు ఆరాధన పదకొండుకి మొదలయ్యేది. సిటీలో పెరిగినవాణ్ణి కదా, బద్ధకం అనుకున్నాను. రెండో నెలలోనే తొమ్మిదికి మార్చేశాను. ఆ ఆదివారం వచ్చింది నలుగురు ముసలివాళ్ళు, ఇద్దరు పిల్లలు, మా ఆవిడ. పై వారం పిల్లలు కూడా రాలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పల్లెలో కోపం వస్తే పోట్లాడరు, రావడం మానేస్తారు. చివరికి ఒకామె పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చి చేతులు చాపింది. గోళ్ళ సందుల్లో బంతిపూల పసుపు, మోచేతుల దాకా మంచు తడి. "నాలుగింటికి లేచి పూలు కోస్తామయ్యగారూ. బుట్టలు ఆనందపురం మార్కెట్‌కి ఆటో ఎక్కించాక కదా మాకు తెల్లారేది" అంది. ఆ ఆదివారం నుంచే మళ్ళీ పదకొండు. కార్తీకంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో పదకొండున్నర కూడా అయ్యేది. అందరూ చేరేదాకా కీర్తనలు పాడుకునేవాళ్ళం. కానుకల సంచి ఇప్పటికీ నాకు చామంతి వాసనతోనే గుర్తుంది.

మనది బాప్టిస్టు సంఘం. పైనుంచి బిషప్పు ఉత్తర్వు రాదు, సంఘ కూటంలో చేతులెత్తి తీర్మానించుకుంటాం. అది నువ్వు చదువుకున్నదే. కానీ అయ్యగారు అడిగితే అందరి చేతులూ లేస్తాయి. అసలు ఓటు అంతకు ముందే ఎవరో ఒకరి అరుగు మీద పడిపోయి ఉంటుంది. కాబట్టి అరుగుల మీద కూర్చో. సంఘం పనులు చూసే డీకన్లకి టీ ఇచ్చి మాట్లాడించు. పెద్దవాళ్ళు కెనడా దొరల కాలం కబుర్లు మొదలుపెడితే అడ్డు తగలకు. భీమిలి కెనడియన్ బాప్టిస్టు మిషన్ పాత స్టేషను. ఆ కబుర్ల మధ్యలోనే స్థలం ఎవరిచ్చారు, ఏ రెండు కుటుంబాలకి మాటల్లేవు అన్నీ బయటికొస్తాయి.

జీతం గురించి ఎక్కువ రాయను, నీకు తెలిసే వెళ్తున్నావు. పిడికెడు బియ్యం మాత్రం చెప్పాలి. వండేముందు ప్రతి ఇంట్లో ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి పోస్తారు. ఐదారు రకాలు కలిసిపోతాయి. ఒకటి ఉడికేలోపు ఇంకోటి జావైపోతుంది. మా ఆవిడ మొదట్లో ఏడ్చినంత పని చేసింది, తర్వాత అన్నం మానేసి దోసెలకి నానబోసింది. ఎవరి డబ్బా వెలితిగా ఉందో చూడకు. చూసినా మర్చిపో.

బాప్తిస్మం అడిగినవాళ్ళని తొందరపెట్టకు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్క. పిల్లల చదువు, ఉద్యోగం దానితో ముడిపడి ఉంటాయి. అందుకే కొందరు ఏళ్ళ తరబడి చర్చికి వచ్చినా రిజిస్టర్లో పేరు రాయించుకోరు. వాళ్ళని పిరికివాళ్ళని ప్రసంగ వేదిక మీంచి అనడం నేను విన్నాను. నువ్వు అనకు. అలాగని దొంగ కాగితం రాసి పెట్టడానికీ ఒప్పుకోకు. సిద్ధపడినవాళ్ళకి వర్షాలయ్యాక ఇవ్వు. ఎండాకాలం గోస్తనిలో ముంచడానికి నీళ్ళు చాలవు. భీమిలి సముద్రంలో అంటే ముసలమ్మలు కెరటాలకి హడలిపోతారు. ఎక్కడైనా సరే, ముందు రోజే నువ్వు దిగి లోతు చూసుకో.

వెళ్ళగానే పెళ్ళి చేసిపెట్టమని ఎవరో అడుగుతారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్ళిళ్ళు చేసే లైసెన్సు నీ చేతికొచ్చేదాకా ఒప్పుకోకు. వచ్చాక కూడా అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండిన కాగితం చూడందే తారీఖు ఇవ్వకు. ఎంత కావలసినవాళ్ళైనా సరే.

మైకు సంగతి. తెల్లవారుజామున పెట్టొద్దు. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న వచ్చింది, ఆదివారం. మా చర్చి రేకులు పొలాల్లో పడ్డాయి. మర్నాడు నిచ్చెన తెచ్చి మాతో పాటు పైకెక్కింది అమ్మవారి గుడి వీధి కుర్రాళ్ళు. అప్పటికి మా మైకు గురించి రెండుసార్లు గొడవపడినవాళ్ళే. ఆ వారమే గొట్టాన్ని ఊరివైపు నుంచి తిప్పించాను. ముందే తిప్పాల్సింది.

అక్కడ కుళాయి రోజూ రాదు. మా డాబా మీద రెండు నీలం డ్రమ్ములు ఖాళీగా ఉన్నాయి. సామాను బండిని మా వీధి మీదుగా రమ్మను, ఎక్కించి పంపుతాను. ఒకదానికి మూత లేదు.