ప్రిన్స్‌టన్ అడ్రసు చూసి అద్దెకు దిగకండి: న్యూజెర్సీ స్కూల్ డిస్ట్రిక్టుల సంగతి

వారానికి ఒక్కరైనా ఇదే అడుగుతారు. "అన్నా, ప్రాజెక్టు న్యూజెర్సీలో వచ్చింది, పాపకి ఆరేళ్లు, రేటింగ్ పదికి పది ఉన్న డిస్ట్రిక్ట్ ఒకటి చెప్పు చాలు." ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాగే అడిగినవాణ్నే కాబట్టి నవ్వను. అప్పట్లో తెలిసినాయన ఒకాయన ఊరి పేరు చెప్పాడు, ఆ పేరు అడ్రసులో కనపడగానే అపార్ట్‌మెంట్ తీసేసుకున్నాను, తీరా బాబుని చేర్పించడానికి కాగితాలన్నీ పట్టుకుని వెళితే మీరు ఉండేది మా డిస్ట్రిక్ట్ కాదండీ అని ఆఫీసులో ఆవిడ ఎంతో మర్యాదగా చెప్పి పంపించేసింది. ఏడాది లీజు మీద అప్పటికే సంతకం పెట్టేశాను.

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఒక ఊరి ప్రభుత్వ స్కూళ్లన్నీ నడిపే స్థానిక సంస్థ. జరిగిందేమిటంటే, ఇక్కడ పోస్టాఫీసు అడ్రసు వేరు, పన్ను కట్టే ఊరు వేరు. ప్రిన్స్‌టన్ అని అడ్రసు ఉన్న ఇళ్లు సౌత్ బ్రన్స్‌విక్‌లో ఉండొచ్చు, ప్లెయిన్స్‌బరోలో ఉండొచ్చు, వెస్ట్ విండ్సర్‌లో, లారెన్స్‌లో కూడా ఉండొచ్చు. పిల్లలు ఏ స్కూలుకి వెళ్లాలో తేల్చేది ఆ ఇల్లు ఏ టౌన్‌షిప్ హద్దులో ఉందన్నదే, ఉత్తరం మీద రాసే ఊరు పేరు కాదు. అందుకని సంతకం పెట్టే ముందు ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు చెప్పి డిస్ట్రిక్ట్ ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి. ఏజెంటు మాట, లీజింగ్ ఆఫీసు మాట లెక్కలోకి తీసుకోకండి.

న్యూజెర్సీ మన పాత ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాలు రెండూ కలిపినంత రాష్ట్రం, అంతే. అందులో దాదాపు ఆరు వందల స్కూల్ డిస్ట్రిక్టులు. మన దగ్గరలాగా డీఈవో ఒకాయన జిల్లా మొత్తానికి ఉండటం, పైనుంచి జీవో రావడం, అలాంటి పద్ధతి కాదు, దాదాపు ప్రతి ఊరికీ దాని స్కూళ్లు దానివే, దాని బోర్డు దానిదే, పన్ను కూడా దానిదే. కొన్నిచోట్ల రెండు ఊళ్లు కలిసి ఒకే డిస్ట్రిక్ట్ పెట్టుకుంటాయి, వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో అలాంటివే. ఇంకొన్నిచోట్ల మరీ చిత్రం. క్రాన్‌బరీ చూడండి, 2020 జనాభా లెక్కల్లో నాలుగు వేల మంది కూడా లేని ఊరు. ఎనిమిదో తరగతి దాకా ఊరంతటికీ ఒకే స్కూలు. తొమ్మిది నుంచి పిల్లలు ప్రిన్స్‌టన్ హైస్కూల్‌కి వెళతారు, ఒక్కో విద్యార్థికి ఇంత అని క్రాన్‌బరీ వాళ్లే ప్రిన్స్‌టన్‌కి ఫీజు కడతారు. అందుకు బదులుగా ప్రిన్స్‌టన్ బోర్డులో క్రాన్‌బరీకి ఒక సీటు ఉంది, ఆ సభ్యుడికి కొన్ని విషయాల్లో మాత్రమే ఓటు. అంటే మీరు చిన్న ఊళ్లో ఇల్లు కొంటే హైస్కూల్ సంగతి ఇంకో ఊరి చేతిలో ఉండొచ్చన్నమాట, కొనే ముందు ఇదీ అడగాలి.

సరే, ఈ బోర్డు సంగతి. నేను మొదటిసారి బోర్డు మీటింగుకి వెళ్లింది బస్సు గొడవ వల్ల. ఇక్కడ ఎనిమిదో తరగతి దాకా ఇల్లు స్కూలుకి రెండు మైళ్లు దాటి ఉంటే, హైస్కూల్ అయితే రెండున్నర మైళ్లు దాటితే, ఉచితంగా బస్సు ఇవ్వాలని రాష్ట్ర నిబంధన. అంతకంటే దగ్గరైతే ఇవ్వాల్సిన పని లేదు, చాలా డిస్ట్రిక్టులు దయతో ఇస్తుంటాయి, దాన్నే కర్టెసీ బస్సు అంటారు, డబ్బు బిగుసుకున్న ఏడాది మొట్టమొదట తెగేదీ అదే. మా ఇల్లు వాళ్ల కొలత ప్రకారం 1.9 మైళ్లు. జనవరి మంచులో రెండో తరగతి పిల్లాడు రెండు మైళ్లకి కాస్త తక్కువ నడవాలా అని కోపంతో వెళ్లాను.

వెళ్లాక తెలిసిందేమిటంటే, ఎదురుగా కూర్చున్న తొమ్మిది మందీ ఆఫీసర్లు కాదు, ఊళ్లోవాళ్లే. ఒకాయన అకౌంటెంట్, ఒకావిడ నర్సు, ఇంకొకాయన రిటైర్డ్ టీచరు. మూడేళ్లకోసారి ఎన్నికవుతారు, ఏటా కొన్ని సీట్లకే ఎన్నిక జరుగుతుంది, జీతం ఒక్క డాలరు కూడా ఉండదు, పార్టీ గుర్తులూ ఉండవు. స్కూళ్లు రోజూ నడిపేది సూపరింటెండెంట్, ఆయన్ని కాంట్రాక్టు మీద పెట్టుకునేదీ తీసేసేదీ ఈ బోర్డు. బడ్జెట్, పాలసీలు, టీచర్ల యూనియన్‌తో ఒప్పందం, అన్నీ వీళ్ల ఓటుతోనే. మీ క్లాసు టీచరు గురించి ఫిర్యాదు ఉంటే మాత్రం వీళ్ల దగ్గరికి పరుగెత్తకండి, ముందు టీచరు, తర్వాత ప్రిన్సిపాల్, ఆ తర్వాత సూపరింటెండెంట్, ఆ వరస తప్పితే మిమ్మల్ని మళ్లీ మొదటికే పంపిస్తారు.

చాలామంది మనవాళ్లకి తెలియనిది ఇంకోటి. ప్రతి బోర్డు మీటింగులోనూ జనం మాట్లాడటానికి కొంత సమయం కేటాయించి తీరాలని ఈ రాష్ట్రంలో చట్టం ఉంది. హెచ్‌1బీ మీద ఉన్నా పేరు, ఊరు చెప్పి మాట్లాడొచ్చు, మూడు నిమిషాలో ఐదు నిమిషాలో ఇస్తారు. ఓటు వేయాలన్నా పోటీ చేయాలన్నా సిటిజన్‌షిప్ కావాలి గానీ, మైకు ముందు నిలబడటానికి అక్కర్లేదు. నా ఇంగ్లీషు తడబడింది, చెమటలు పట్టాయి, అయినా విన్నారు. బస్సు రాలేదు కానీ ఎందుకు రాలేదో అంకెలతో చెప్పారు, ఆ రాత్రి నుంచే నాకు బడ్జెట్ చదివే పిచ్చి పట్టింది.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందో అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. పెద్ద వాటా ప్రాపర్టీ టాక్స్. న్యూజెర్సీలో ఇంటికి సగటు ప్రాపర్టీ టాక్స్ 2024లో ఏడాదికి 10 వేల డాలర్లు దాటింది, దేశంలో ఇదే ఎక్కువ, అందులో దాదాపు సగం స్కూళ్లకే పోతుంది. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తారీఖుల్లో నాలుగు వాయిదాలుగా కట్టాలి. అద్దెకున్నవాళ్లు మాకేంటిలే అనుకోకండి, ఓనరు కట్టే పన్ను మీ అద్దెలోనే ఉంది.

ఇక్కడ మనవాళ్లు ఎప్పుడూ పొరబడే చోటు ఒకటి. "ఇళ్ల ధరలు ఇంత పెరిగాయి కదా, స్కూలుకి డబ్బు కుప్పలుగా వస్తుండాలి, మరి మ్యూజిక్ క్లాసు ఎందుకు తీసేశారు?" అంటారు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గుర్తు తెచ్చుకోండి. ముందు ఏడాది ఖర్చు ఎంతో తేలుస్తారు, తర్వాత దాన్ని ఫ్లాట్ల సైజుని బట్టి పంచుతారు. ఫ్లాట్ ధర రెట్టింపైందని వాచ్‌మన్ జీతం రెట్టింపు కాదు కదా. ఇక్కడా అంతే, డిస్ట్రిక్ట్ ఊరి నుంచి మొత్తం ఇంత వసూలు చేస్తానని అంకె తేలుస్తుంది, ఇళ్ల విలువలు ఆ అంకెను ఎవరి మీద ఎంత వేయాలో పంచడానికే. ఆ మొత్తం అంకె ఏడాదికి 2 శాతం కంటే పెరగకూడదని 2010లో చట్టం చేశారు, కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఉద్యోగుల హెల్త్ ఇన్సూరెన్స్ ఏమో కొన్ని ఏళ్లలో రెండంకెల శాతాల్లో పెరుగుతుంది. ఖర్చులో సింహభాగం జీతాలూ బెనిఫిట్లే కాబట్టి, మిగిలేదాంట్లోంచే లైబ్రరీ, క్లబ్బులు, కర్టెసీ బస్సు కోసుకుంటూ పోతారు.

ఊళ్లో గోడౌన్లు ఉంటే కాస్త ఊపిరి. మళ్లీ క్రాన్‌బరీయే చెబుతాను, టర్న్‌పైక్ 8ఏ ఎగ్జిట్ దగ్గర ఆ భారీ గోడౌన్లు చూశారా, అవి పన్ను కడతాయి, పిల్లల్ని మాత్రం స్కూలుకి పంపవు! ట్రక్కుల రద్దీ గురించి తిట్టుకునేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి మరి.

రెండో వాటా రాష్ట్రం ఇచ్చేది. 2008 చట్టం ప్రకారం ఒక లెక్క ఉంది: మీ ఊరి పిల్లల్ని చదివించడానికి ఎంత కావాలి, పేద పిల్లలకీ ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకీ కొంచెం ఎక్కువ వేసి, దాంట్లోంచి మీ ఊరు తన ఇళ్ల విలువ, జనం ఆదాయం బట్టి ఎంత భరించగలదో తీసేస్తే మిగిలింది రాష్ట్రం ఇస్తుంది. అంటే మన సాఫ్ట్‌వేర్ జీతాలు ఊళ్లోకి వచ్చిన కొద్దీ రాష్ట్రం తన చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. 2018లో ఇంకో చట్టం తెచ్చి పాత లెక్కల్లో ఎక్కువ తీసుకుంటున్న ఊళ్లకి ఏడేళ్లపాటు కోత పెడుతూ వచ్చారు, జెర్సీ సిటీ లాంటి చోట్ల ఆ కోత చాలా పెద్దది, చిన్న ఊళ్లూ కొన్ని విలవిల్లాడాయి. 2024-25లో గానీ ఆ సూత్రం ప్రకారం ఇవ్వాల్సిందంతా రాష్ట్రం పూర్తిగా ఇవ్వలేదు.

బడ్జెట్ మీద జనం ఓటు సంగతి కూడా మారిపోయింది. వెనకటికి ఏప్రిల్‌లో స్కూల్ ఎన్నిక, బడ్జెట్‌కి కూడా అవును, కాదు అని ఓటు. 2012 నుంచి ఎన్నికను నవంబరుకి మార్చుకున్న డిస్ట్రిక్టులు పన్ను పెంపు 2 శాతం లోపు ఉంటే బడ్జెట్ మీద ఓటింగ్ పెట్టనక్కర్లేదు, ఇప్పుడు దాదాపు అందరూ అక్కడికే మారారు. 2 శాతం దాటాలన్నా, కొత్త బిల్డింగుకి బాండ్ల మీద అప్పు తేవాలన్నా మాత్రం ఊరిని అడగాల్సిందే. సిటిజన్లు అయినవాళ్లు ప్రెసిడెంట్ ఎన్నిక రోజు మాత్రం క్యూలో ఫొటోలు దిగి, మిగతా ఏళ్ల స్కూల్ ఎన్నికకి ఇంట్లో కూర్చుంటారు, నాకు అదే ఒళ్లు మండుతుంది.

రేటింగుల విషయానికొస్తే, వెబ్‌సైట్లలో పదికి పది అనేది ఎక్కువగా పరీక్ష మార్కుల మీద కట్టింది, మార్కులేమో తల్లిదండ్రుల జీతాలూ ట్యూషన్లూ బట్టి చాలావరకు నడుస్తాయి. రాష్ట్ర విద్యాశాఖ ప్రతి స్కూలుకీ ఏటా పర్‌ఫార్మెన్స్ రిపోర్ట్ వేస్తుంది, ఉచితం, అది చదవండి. అందులో ఎన్‌జెఎస్‌ఎల్‌ఎ అనే రాష్ట్ర పరీక్షలో (ఇంగ్లీషు, లెక్కలు) ఐదు లెవెల్స్‌లో నాలుగు, ఐదు ఎంతమందికి వచ్చాయో ఉంటుంది, అంతకంటే నేను ముఖ్యంగా చూసేది గ్రోత్: పోయినేడు ఇంతే మార్కులున్న పిల్లలతో పోలిస్తే ఈ స్కూలు పిల్లలు ఎంత ముందుకెళ్లారు అన్నది. యాభై అంటే నడిమధ్య. నక్షత్రాలు మెరిసే కొన్ని స్కూళ్లలో ఇది నలభై దగ్గర తచ్చాడుతుంటుంది, సాదా ఊళ్లలో అరవై దాటుతుంది.

అదే రిపోర్టులో క్రానిక్ ఆబ్సెంటీయిజం అని ఒక గడి ఉంటుంది. స్కూలు 180 రోజులు, పది శాతం అంటే 18 రోజులు రాకపోతే పిల్లాడు ఆ లెక్కలో పడతాడు, స్కూలు మార్కు తగ్గుతుంది. టిక్కెట్లు చవగ్గా వచ్చాయని డిసెంబరు మొదట్లో ఇండియా బయల్దేరి సంక్రాంతి కూడా చూసుకుని వచ్చేవాళ్లు, ఇది మీ గురించే. మా అమ్మకి ఒంట్లో బాగోలేక ఒక ఏడాది నేనూ అలాగే చేశాను, తిరిగొచ్చేసరికి స్కూలు నుంచి ఉత్తరం రెడీగా ఉంది. తప్పనిసరైతే ముందే రాసి చెప్పండి, ఎక్కువ రోజులైతే పేరు తీసేసి మళ్లీ చేర్చుకోవాల్సి వస్తుందా అని కూడా అడగండి.

చేర్చేటప్పుడు కావాల్సింది లీజు, కరెంటు బిల్లు, టీకాల కాగితాలు, పుట్టిన తేదీ సర్టిఫికెట్. వీసా ఏంటని అడగరు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అనే ఫారంలో తెలుగు అని నిజమే రాయండి, ఇంగ్లీషు అని అబద్ధం రాస్తే పిల్లకి రావాల్సిన సాయమే పోతుంది. పిల్లాడికి మాటలు ఆలస్యమైనా, చదువులో ఇబ్బంది ఉన్నా, నలుగురికీ తెలుస్తుందని దాచకండి, మూడేళ్ల వయసు నుంచే డిస్ట్రిక్ట్ ఉచితంగా పరీక్షించాలి, రాతపూర్వకంగా అడిగితే 20 రోజుల్లోపు మీటింగ్ పెట్టాలి. ఫోన్లో చెబితే ఆ లెక్క మొదలవదు, ఈమెయిల్ పెట్టండి.

ఇంక బడ్జెట్ తారీఖులు. మామూలుగా ఫిబ్రవరి చివర్లో గవర్నర్ బడ్జెట్ ప్రసంగం, ఆ వెంటనే రాష్ట్రం ఏ ఊరికి ఎంత ఇస్తుంది అనేది బయటికొస్తుంది, మార్చిలో బోర్డు ముసాయిదా, ఏప్రిల్ చివర, మే మొదట్లో పబ్లిక్ హియరింగ్. మామూలు జనానికి అర్థమయ్యేలా తయారుచేసిన బడ్జెట్ పత్రం డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి, ప్రింటు తీసుకుని వెళ్లండి. మా ఊళ్లో పోయినసారి ఆ హాల్లో పదకొండు మందిమి ఉన్నాం, అందులో నలుగురు డిస్ట్రిక్ట్ ఉద్యోగులు. ఏడున్నరకి మొదలవుతుంది, పార్కింగ్ దొరుకుతుంది.