వ్యవసాయం మాతోనే ఆగిపోవాలి సార్, మావాడేమో వినడం లేదు

ప్రశ్న: మదనపల్లె దగ్గర పల్లె మాది. మా మామగారి కాలం నుంచి టమాటా, వంకాయ, బీన్స్ పండించి అమ్ముకుంటున్నాం. ఒక్కడే కొడుకు, ఇంటర్ బైపీసీ. బీఎస్సీ హార్టికల్చర్ (పండ్లు, కూరగాయల తోటల చదువు) అంటాడు, ఒక్కోసారి హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్లలో పంట పండించడం) కోర్సు అంటాడు. ఈ కష్టం మాతోనే పోవాలని మా కోరిక. ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. అడిగేది కోర్సు గురించే. లోపల తొలిచేది మాత్రం ‘సేద్యం చేసేవాడికి పిల్లనెవరిస్తారు?’ అన్న భయం. మీరు రాయలేదు, నేనే రాశాను.

ముందు ఒక మాట, కోప్పడకండి. పదిహేనేళ్లుగా వాడి ముందు ‘ఈ మట్టిలో ఏముంది’ అంటూనే ఉన్నారు. మండీలో ధర పలికిన రోజు మాత్రం ఇంట్లో పండగ చేశారు. వాడు రెండూ చూశాడు. ఇప్పుడు వినడం లేదంటే తప్పు వాడిదా?

‘ఈ కష్టం’ అని ఒక్క మాటలో తేల్చేశారు గానీ, మీ ఇంట్లో రెండు తరాలు చేసింది ఒకే పని కాదమ్మా. మీ మామగారు ఎద్దులతో కపిలి తోలి, తోలు బానతో బావి నీళ్లు తోడి పెట్టారనుకుంటాను. రాత్రంతా ఎద్దుల బండి మీద గంపలతో సంతకు పోయిన తరం అది. మీ ఆయన నాటికి కరెంటు మోటారు, హైబ్రిడ్ విత్తనం, మండీకి ఆటో వచ్చాయి. 1999లో రైతు బజార్లు మొదలయ్యాక కొన్ని కుటుంబాలు దళారీ లేకుండా అమ్మడం నేర్చాయి. ఆ తర్వాత చుక్కచుక్కగా నీరిచ్చే డ్రిప్, మొక్కల మొదట్లో షీటు కప్పే మల్చింగ్, గుంతల ట్రేలలో పెంచే ప్రోట్రేల నారు. ప్రతి కొడుకూ తండ్రి చేయనిది ఏదో ఒకటి చేశాడు. మీవాడు అడుగుతున్నదీ అంతే.

ఇక హైడ్రోపోనిక్స్. ఇక్కడ నాకు గట్టి అనుమానాలున్నాయి. మట్టి లేకుండా పంట అనగానే పిల్లల కళ్లు మెరుస్తాయి. శనాదివారాల్లో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు ఇలాంటి కోర్సు చేసి, అప్పు తెచ్చి షెడ్డు వేశాడు. పంట బాగానే వచ్చింది, సలాడ్లలో వేసే లెట్యూస్ ఆకు. కొనే హోటళ్లు దూరం, వేసవిలో కరెంటు పోతే గొట్టాల్లో నీళ్లు వేడెక్కి వేళ్లు కుళ్లేవి. నేర్పినవాళ్లు అమ్మకం గురించి ఒక్క పూటైనా చెప్పలేదట. ఆ విద్య చెడ్డదని అనను. ఎవరు కొంటారో తెలిశాక నేర్వాల్సింది అది. పొలం, బావి, మండీ పరిచయం ఉన్న ఇంటి పిల్లాడు దాంతో మొదలుపెట్టడమేమిటి?

బీఎస్సీ హార్టికల్చర్ వేరు. నాలుగేళ్ల చదువు. చివరి ఏడాది విద్యార్థులను పల్లెలకు పంపి రైతుల దగ్గర పని నేర్చుకోమంటారు, అంటే మీలాంటి ఇంటికే! మీవాడికి ఆ పాఠం సగం వచ్చేసినట్టే. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఇందుకోసమే పుట్టింది. చదివాక తోటకే తిరిగి రావాలనే రూలేమీ లేదు. బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి పోస్టులు, విత్తన కంపెనీలు, ఉద్యాన శాఖ, పరిశోధన ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) తెచ్చిన అర్క రక్షక్ టమాటా గురించి వినే ఉంటారు. ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే రకం. దాని వెనక ఉన్నది ఈ చదువే.  

పిల్లనిచ్చే సంగతి నాలుగేళ్ల తర్వాత. డిగ్రీ ఉండి, తోట ఉండి, లెక్క తెలిసినవాడిని కాదనేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

కౌన్సెలింగ్‌లో ఏ కోర్సు కావాలో ఆప్షన్లు పెట్టేలోపు ఒక పని చేయండి. మండీ ఇచ్చిన పట్టీలు, అదే అమ్మకం చీటీలు, ఏ ట్రంకు పెట్టెలోనో ఉంటాయి. 2023వి తీసి వాడి చేతికివ్వండి. జూలైలో టమాటా కిలో వంద దాటింది, సెప్టెంబరుకల్లా కోత కూలి కూడా గిట్టని ధర. రెండు నెలల పట్టీలూ పక్కపక్కన పెట్టుకుని, కమీషన్, బాడుగ, కూలి తీసేసి మిగిలిందెంతో వాడినే లెక్క కట్టమనండి. అది చూశాక కూడా తోటే కావాలంటే, మొదటి ఆప్షన్ వాడినే పెట్టుకోనివ్వండి. మీరు పక్క గదిలో కూర్చోండి.